ఇరవై కిలోల మట్టి

కాశీబుగ్గ దాటాక, హైవే పక్కన,
మా వేబ్రిడ్జి.
అరవై టన్నులు మోసే ఇనుప పలక,
ఒక గది, ఒక కిటికీ, ఎర్ర అంకెల డబ్బా.
డబ్బా వెనకాల నేను.

రాత్రి తొమ్మిది నుంచి ఆరు దాకా
బరువున్నవన్నీ నా కిటికీ ముందు ఆగి
చీటీ చింపించుకుని పోతాయి.
జీడిపిక్కల బస్తాలు, టెక్కలి రాయి, నౌపడ ఉప్పు.
ఒకసారి పెళ్లివారి వ్యాను కూడా.
సరదాకి తూయమన్నారు, తూశాను,
పెళ్లికూతురు నవ్వుతూనే ఉంది.

లారీకీ లారీకీ మధ్య
నేను డిల్లేశ్వరరావుని కాను.
ఫోన్లో నాకు గుర్రం ఉంది,
డెబ్బై రెండో లెవెలు ఉంది,
రాతికోట సంతలో నా బేరమంటే
కొంచెం భయం కూడా ఉంది.

రెండు గడులు తెరుచుకుంటాయి.
ఎడమదాంట్లో నాది, కుడిదాంట్లో నీది.
ఇద్దరం ‘సరే’ నొక్కితేనే సరుకు మారుతుంది.
మంచుకత్తికీ నీలంపూత కత్తికీ
తేడా పిడి మీద ఒక చుక్క, అంతే.
ముందు అసలుది పెట్టాను.
‘ఆగు, తప్పు నొక్కాను’ అని తీశాను.
మళ్లీ పెట్టినప్పుడు చుక్క లేదు.
అవతలివాళ్లు చూసుకోలేదు.
మూడొందల పొలుసులు,
పదకొండు రాత్రుల వేట,
నా సంచిలోకి గలగల వచ్చి పడ్డాయి.
చూసుకోవాలి కదా!
సంతలో అందరూ అనేదే, నేనూ అనుకున్నాను.

రెండ్రోజులకి కబురు:
‘ఏటి బావూ, కత్తి మార్సీసినావేటి?’
అక్షరాలు ఇంగ్లీషువి,
యాస మాత్రం మందస రోడ్డుది.
నా వెన్ను చల్లబడింది.
మాట తప్పించడానికి ఊరేదని అడిగాను.
‘పలాసే. బట్టీ కాడ పిక్కలు కొడతన్నాను.
సెయ్యంతా జీడి తినీసింది,
పోనికి ఏలిముద్ర పట్టదు, నెంబరు నొక్కాల.’
కాసేపాగి:
‘పర్లేదులే.
మా మేస్త్రీ కూడా అంతే.
పది కిలోలు తీస్తే తొమ్మిదే రాస్తాడు.
అలవాటే.’

అలవాటే.
ఆ మాట ఎంత తూగుతుందో
నా డబ్బా చెప్పలేదు.

నేను లారీలు తూసేవాణ్ణి, మనుషుల్ని కాదు,
అని చెప్పుకోవచ్చు.
కానీ పోయిన నెల ఒకడు
ఖాళీ బండి తూయించేటప్పుడు
ఇద్దరు కుర్రాళ్లని క్యాబిన్లో పడుకోబెట్టాడు.
కాళ్లు కనిపించాయి నాకు.
వంద ఇచ్చాడు.
ఎవరి సరుకులోంచి ఆ ఇద్దరి బరువు తెగిందో
అడగలేదు. టీ తాగాను.

ఆ రాత్రి రెండున్నరకి నేనే పిలిచాను.
గడి తెరిచి అసలు కత్తి పెట్టాను,
చుక్క కనబడేలా తిప్పి పెట్టాను.
కుడి గడి ఖాళీగా ఉండిపోయింది.
‘ఏమీ పెట్టక్కర్లేదు’ అన్నాను.
‘ఊరికే పుచ్చుకోను’ అని వచ్చింది.
ఆడమనిషో మగమనిషో
అప్పటికీ నేనడగలేదు.

ఒక బాణం పడింది.
ఒక్కటే.
కట్టకి వందొస్తాయి,
దార్లో దొరికినా ఎవరూ వంగి తీసుకోరు.
‘తూకం సరిపోనాదా?’
చాలాసేపు చూశాను దానివంక.
సరిపోయింది, అన్నాను.
ఇద్దరం నొక్కాం.

బయట హారను.
బరంపురం పోయే బండి, కొబ్బరికాయలు.
క్యాబిన్లోకి టార్చి వేసి చూశాను.
డ్రైవరు విచిత్రంగా చూశాడు:
‘ఏటయ్యా, కొత్తా?’
పద్నాలుగు వేల ఎనిమిది వందల అరవై.
చీటీ చింపిచ్చాను.

బండి దిగిపోయింది.
అంకెలు జారాయి, జారాయి,
ఇరవై దగ్గర ఆగాయి.
పలక మీద ఎవరూ లేరు.
సాయంత్రం వాన పడింది కదా,
టైర్లు వదిలిన మట్టి.
రోజూ ఉండేదే.
వచ్చే బండి లెక్కలో కలిపేసేదే.

ఫోను బల్ల మీద బోర్లించి
చీపురు కోసం లేచాను.